ఆరుబయలే చిత్రశాల

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇరువదియైదు వత్సరములు నిండిన గ్రంథాలయమున ఏ కవిని గూర్చియో, ఏ గ్రంథమును గూర్చియో మాటలాడుట వాడుక. కార్యదర్శిగారు మాత్రము నన్ను చిత్రకళను గూర్చి చెప్పుమనిరి. పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రాన్సు దేశములో కొందరు చిత్రకారులు గదులు విడిచి పొలముల గట్లమీదికి వచ్చి పనిచేసిరి. ఆ కథను ఎన్నుకొంటిని. కొల్లేటి యొడ్డున కూర్చుండి పారిసు మాట లేల యని కొందరికి తోపవచ్చును. ఆ కథలో కుప్పలు వేసిన పొలములున్నవి, పరిగె యేరుకొను ఆడువారున్నారు, నీటిమీద పడవ యున్నది, చెట్టుకు ఎత్తిన గొడ్డలియు నున్నది. ఇందులో మనకు తెలియనిది ఏమియు లేదు.

మన ప్రబంధములలో అష్టాదశ వర్ణనలు ఉండవలెనని నియమము కలదు గదా. సూర్యోదయము, చంద్రోదయము, సముద్రము, ఋతువులు మున్నగునవి వరుసగా రావలెను. సముద్రపు గాలి సోకని కవియు సముద్రమును వర్ణించెను. పూర్వకవులు చెప్పిన తీరు అతనికి తెలియును, అది చాలును. ఫ్రాన్సులో చిత్రకళ స్థితియు ఇంచుమించుగా అట్లే యుండెను. అచ్చటి అకాడమీవారి దృష్టిలో పురాణకథకును చరిత్రఘట్టమునకును అగ్రాసనము. చెట్టుచేమలకు కడపటి పంక్తి. చెట్టును చిత్రింపవలెనన్నచో దాని నీడను ఒక దేవతనో, వీరునినో నిలుపవలెను. 1816లో ప్రకృతి దృశ్యమునకు రోము బహుమాన మొకటి ఏర్పరచినప్పుడును దానికి 'చారిత్రక' అను విశేషణమును తగిలించియే ఏర్పరచిరి.

అట్లని ఆ కాలపువారు బయటికి పోనేలేదని తలపరాదు. వాలెన్సియెన్ అను చిత్రకారుడు 1800లో ప్రకటించిన గ్రంథములో శిష్యులను ఆరుబయట తైలవర్ణములతో అభ్యాసము చేయుమని చెప్పెను. వెలుగు మారిపోవును గనుక ఏ అభ్యాసమునకైనను రెండు గంటలకు మించి కూర్చుండరాదనియు, ఉదయాస్తమయ వేళలలోనైన అర్ధగంటకు మించరాదనియు కట్టడి చేసెను. అయితే అది సాధన మాత్రమే. సంగీతము నేర్చువాడు సరళీ స్వరములు పాడినట్లు. సభలో పాడునది వేరు. కోరో అను మహాచిత్రకారుడు 1826లో ఇటలీలోని నార్నీ యొద్ద శిథిలమైన వంతెనను చిన్న కాగితముమీద అక్కడికక్కడ చిత్రించెను. 1827 నాటి పారిసు ప్రదర్శనమునకు అదే దృశ్యమును పెద్దదిగా, చదునుగా, అందమైన దేవదారు జాతి చెట్లను చేర్చి, గొఱ్ఱెల కాపరులను నిలిపి, తీర్చిదిద్ది పంపెను. నేడు రసికులు ఎక్కువగా మెచ్చునది పెద్దదానిని కాదు. పారిసులోని లూవ్ర్ ప్రదర్శనశాలలో నున్న ఆ చిన్న దానిని. అందులో ఎండ యున్నది. పెద్దదానిలో ఎండ యొక్క వర్ణన యున్నది.

సాధనగా ఉన్నది సభకెక్కుటకు కొన్ని మోటు కారణములును తోడ్పడినవి. పూర్వము రంగుపొడిని నూరి, నూనెలో కలిపి, పంది మూత్రాశయపు తిత్తిలో మూటగట్టెడివారు. వలసినప్పుడు దానిని మేకుతో గ్రుచ్చి పిండుకొని, ఆ మేకుతోనే రంధ్రమును మూయవలెను. తిత్తి పగిలినచో సంచి యంతయు రంగే. 1841లో జాన్ గాఫ్ రాండ్ అను అమెరికా చిత్రకారుడు మూత బిగింపదగిన తగరపు గొట్టమును కనిపెట్టెను. మనము ప్రతి ఉదయము పండ్లు తోముటకు నొక్కు పేస్టు గొట్టము దాని వంశములోనిదే. రంగు ఎండిపోకుండ సంచిలో పడియుండునప్పుడు చిత్రకారుని కాళ్ళకు స్వేచ్ఛ కలిగెను. అటుపిమ్మట రైలు వచ్చెను. 1849 నాటికి పారిసునుండి ఫాంతెన్‌బ్లో అడవివరకు బండి నడిచెను. మన ఏలూరు, తాడేపల్లిగూడెములకు రైలు వచ్చిన 1890ల దశకము నాటికి ఈ కథ అచ్చట చాలవరకు నడిచియే పోయినది.

ఆ అడవి యంచున బార్బిజాన్ అను పల్లె కలదు. అచ్చట గాన్ అనువాని పూటకూటి యింట చిత్రకారులు దిగెడివారు. వానకు బయటికి పోలేని దినములలో ఆ యింటి గోడలమీదను, బీరువాల తలుపులమీదను బొమ్మలు వేసెడివారు. ఆ యిల్లు నేడు ప్రదర్శనశాల యయినది. ఈ గుంపునకు పెద్ద థియోడోర్ రూసో. ఇతని చిత్రములను 1836 మొదలు 1841 వరకు పారిసు ప్రదర్శనమువారు వరుసగా త్రోసిపుచ్చిరి. చెట్లక్రింద దేవతలు లేరు. చెట్లు మాత్రమే యుండెను.

రూసో చేసిన పని ఒకటి చిత్రములకంటె పెద్దదని నా యభిప్రాయము. ఫాంతెన్‌బ్లో అడవిలో వందల యేండ్ల సిందూర వృక్షములను కొట్టివేసి, త్వరగా పెరుగు దేవదారు మొక్కలను వరుసలుగా నాటుచుండిరి. ప్రతిదినము ఆ వృక్షముల యెదుట కూర్చున్నవాడు గనుక ఏ చెట్టు ఏ దినమున పోయినదో రూసోకు తెలియును. ఇతడు 1852లో చక్రవర్తికి విన్నపము పంపెను. 1853లో 624 హెక్టారుల అడవిని గొడ్డలినుండి తప్పించిరి. 1861లో దానిని 1,097 హెక్టారులకు పెంచి, అనగా రమారమి 2,700 ఎకరములకు, రాజశాసనముచేత 'కళాత్మక' భాగమని పేరుపెట్టి రక్షించిరి. అమెరికాలో యెల్లోస్టోన్ జాతీయవనము 1872లో వచ్చినది. దానికి పదునొకండు సంవత్సరములు ముందే ఇది జరిగెను. కలపకొఱకు కాదు, వేటకొఱకు కాదు. చూచుటకు బాగున్నదను ఒక్క కారణముచేత ఒక ప్రభుత్వము అడవిని కాపాడుట వింతగాదా! చూచుటయు ఒక పనియే యని ఆ దేశము ఒప్పుకొనెను.

రూసో పొరుగున మిల్లే యుండెను. ఇతడు రైతు బిడ్డ. 1849లో బార్బిజాన్ చేరి అచ్చటనే జీవితము గడపెను. 1857లో ఇతడు చిత్రించినదానికి మనభాషలో పేరు వెదుకనక్కరలేదు: 'పరిగె యేరువారు'. కోత ముగిసిన చేనిలో ముగ్గురు ఆడువారు వంగి రాలిన వెన్నులను ఏరుకొనుచున్నారు. వారి ముఖములు సరిగా కానరావు, నడుములే కానవచ్చును. దూరమున ఎండలో బంగారమువంటి కుప్పలు, నిండిన బండి, గుఱ్ఱముమీద అజమాయిషీ చేయువాడు. వారికిని వీరికిని నడుమ చేను చేనంతయు ఖాళీ. వరికోతల పిమ్మట మన చేలలో ఇదే దృశ్యమును పెద్దలు చూచియున్నారు. కోతయంత్రములు వచ్చిన పిదప పరిగె అను మాటయే పిల్లలకు క్రొత్తగా వినబడుచున్నది. పారిసులోని ధనికులకు ఈ చిత్రము భయము పుట్టించెను. 1848 విప్లవము వారికి ఇంకను జ్ఞప్తియందుండెను. ముగ్గురు బీద స్త్రీలు వంగియుండగా చూచి, వీరు నిలువున లేచినచో ఏమగునోయని విమర్శకులు తత్తరపడిరి.

ఇచ్చట ఒక మాట దాచరాదు. మిల్లే ఆరుబయట కూర్చుండి ఈ చిత్రమును వేయలేదు. పొలములో చూచి, చిన్న గీతలు గీసికొని, యింటికి వచ్చి జ్ఞాపకముతో చిత్రించెను. కావున బయట వేసినదే సత్యము, లోపల వేసినది అసత్యము అని చాటువారి మాట నేను నమ్మను. బయట చూచిన కన్ను లోపల పనిచేసెను.

ఇక నీటికి వత్తము. దోబిన్యీ అను చిత్రకారునికి నదులన్న ప్రాణము. గట్టుమీదినుండి చూచిన నీరు వేరు, నీటి మట్టమున కూర్చుండి చూచిన నీరు వేరు అని అతడు గ్రహించెను. 1857లో అడుగు చదునైన పడవ నొకదానిని సంపాదించి, దానిమీద చిన్న గది కట్టించి, రంగులు, కాన్వాసులు, వంటపాత్రలు ఎక్కించుకొని, కుమారుని వెంటబెట్టుకొని ఊవాజ్, సేన్ నదులలో తిరుగుచు చిత్రించెను. పదునైదు సంవత్సరముల తరువాత మోనే అను యువకుడు అదే తెఱగున పడవను చిత్రశాలగా చేసికొనెను. 1874లో మోనే ఆ పడవలో కూర్చుండి బొమ్మ వేయుచుండగా అతని మిత్రుడు మానే దానినే చిత్రముగా వేసెను. మన ఆంధ్రదేశమున పాతూరి నాగభూషణముగారు 1930ల దశకములో కాలువమీద పడవలో గ్రంథాలయము నడిపిరి. పడవలో పుస్తకములు పోయినప్పుడు రంగులు పోవుటలో ఆశ్చర్యమేమి? తాటిమ్రాను తొలిచి చేసిన దోనెమీద కొల్లేటిలో పోయినవారికి దోబిన్యీ భావము నేను విప్పిచెప్పనక్కరలేదు. దోనెలో కూర్చున్నవాని కంటికి నీటి అంచు గడ్డముక్రిందనే యుండును. కిక్కిస పొద ఒక్కటి ఆకాశమంత ఎత్తు కానవచ్చును.

మోనేకు ఆరుబయటి పనిని నేర్పినవాడు బూదేన్. ఓడల సరంగు కుమారుడు. లె ఆవ్ర్ రేవుపట్టణమున నవయువకుడైన మోనేను ఇతడు సముద్రపు టొడ్డునకు పిలుచుకొనిపోయెను. ఇతడు మేఘములను రంగుసుద్దలతో గీసి, కాగితముపైననే తేదీ, గంట, గాలి వీచు దిక్కు వ్రాసికొనెడివాడు. 1859లో బోదలేర్ కవి ఈ కాగితములను చూచి ముగ్ధుడయ్యెను. చిత్రమునకు ఇన్నిగంటలకు అని ముద్ర వేయుట అరుదైన పని. పురాణఘట్టమునకు గంట యెక్కడిది?

ఈ పని సుఖమైనది కాదని మీరు గ్రహింపవలెను. మోనే 1870లో త్రువీల్ సముద్రతీరమున వేసిన చిత్రము నేడు లండనులో కలదు. దాని రంగులో ఆనాటి ఇసుక రేణువులు అంటుకొనియే యున్నవి. 1866లో ఉద్యానములో స్త్రీలను చిత్రింపబూని, ఎనిమిదడుగులకు మించిన కాన్వాసు పైభాగము అందక, నేలలో కందకము త్రవ్వించి దానిని క్రిందికి దించుచు పైకెత్తుచు పని చేసెను. సెజాన్ అను మహనీయుడు 1906 అక్టోబరున పొలములో చిత్రించుచుండగా గాలివానలో తడిసి, జబ్బుపడి, కొలది దినములలోనే మరణించెను.

మోనే వేసిన 'గడ్డివాములు' అని ప్రసిద్ధికెక్కిన చిత్రములను గూర్చి మన రైతుసోదరులకు ఒక సంగతి చెప్పవలెను. అవి గడ్డివాములు కావు. వెన్నులతోకూడిన గోధుమ పనలను పేర్చి, వాన దిగకుండ పైన కప్పువేసిన కుప్పలు. నూర్పిడి యంత్రము ఊరూర తిరిగి తమ వంతు వచ్చువరకు అవి చేనిలోనే నెలల తరబడి నిలిచెడివి. కుప్పకును వామికిని భేదమెరుగని పట్టణవాసులు ఆ పేరు పెట్టి దేశదేశములకు ఎక్కించిరి. మోనే 1890 వేసవి చివరనుండి మరుసటి యేడువరకు ఆ కుప్పలను ఇంచుమించు ఇరువదియైదు మారులు చిత్రించెను. ఎండకు ఒక కాన్వాసు, మబ్బుకు ఒకటి, మంచు పేరిన యుదయమునకు ఒకటి. వెలుగు మారగానే చేతిలోనిదానిని ప్రక్కనబెట్టి, ఆ వేళకు తగినదానిని అందుకొనును. పిదప ఇంటికడ దిద్దుకొనెననుటయు నిజమే. 1891 మే నెలలో వానిలో పదునైదింటిని పారిసులో ప్రదర్శించిరి. చూచినవారికి కుప్ప మఱచిపోయినది, కాలము కనబడినది.

అదే 1891లో జరిగిన మఱియొక సంగతి రూసో అడవికథకు ప్రక్కన నిలుపదగినది. మోనే తన యూరికి చేరువనున్న ఎప్త్ అను చిన్నయేటి గట్టున పాప్లర్ చెట్ల వరుసను పడవలోనుండి చిత్రించుచుండెను. సగము పనిలో నుండగా, ఆ చెట్లను వేలమువేసి కొట్టింపవలెనని గ్రామమువారు నిశ్చయించిరి. మోనే వారిని బ్రతిమాలెను, ఫలింపలేదు. తుదకు ఒక కలపవర్తకునితో ఒప్పందము చేసికొని, పాటలో హెచ్చిన సొమ్ము తానిచ్చి, చిత్రములు ముగియువరకు చెట్లను నిలిపించెను. చిత్రములు ముగిసినవి. చెట్లు పోయినవి. గ్రామమువారిని నేను నిందింపను. వారు ఆ చెట్లను అమ్ముకొనుటకే పెంచిరి. కాని రూసో విన్నపముచేత అడవి మిగిలెను, మోనే సొమ్ముచేత చిత్రము మిగిలెను. ఈ రెండును ఒకటి కావు.

మన నేలమీద ఇట్టి పని లేదా? రాజమహేంద్రవరమువైపు చూడవలెను. మన కాలువలకు వచ్చు గోదావరినీటికి అది ఎగువనున్న ఊరు. 1909లో ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు అచ్చటి ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడై వచ్చెను. ఇతడు రచయిత, నీటిరంగులలో ఈ దేశపు దృశ్యములను చిత్రించినవాడు. 1919లో స్వదేశమునకు మరలువరకు ఇతని ఆదరమున పెరిగినవారిలో దామెర్ల రామారావుగారు, వరదా వెంకటరత్నముగారు, మన భీమవరము ప్రాంతమువారైన అడివి బాపిరాజుగారు కలరు. రామారావుగారు బొంబాయి జె.జె. కళాశాలలో చదివి వచ్చి 1923లో రాజమహేంద్రవరమున చిత్రకళాశాల స్థాపించిరి. 1925 ఫిబ్రవరిలో, ఇరువదియెనిమిదవ యేట, మశూచికము వారిని తీసికొనిపోయెను. వారి 'సిద్ధార్థ రాగోదయము' వంటి చిత్రములను అందరు కొనియాడుదురు. వారు వేసిన గోదావరి దృశ్యముల యెదుట నిలుచువారు తక్కువ. రాజమహేంద్రవరమున వారి పేర వెలసిన చిత్రశాలకు పోయినవారు ఆ చిన్న దృశ్యముల కడ కొంతసేపు నిలువుడని నా మనవి.

అది జాతీయోద్యమ కాలము. దేశము తన చిత్రకారులనుండి అజంతా రేఖను, పురాణపురుషులను కోరెను. ఆ కోరిక న్యాయమైనదే. కాని దానివలన నదియు, పొలమును, కాలువ గట్టును మఱల వెనుక తెరలైపోయినవి. ఎదుట రాధాకృష్ణులు నిలిచినచో వెనుకనున్న చెట్టు ఏ చెట్టో అడుగువాడు లేడు.

కొల్లేటిని తలచినప్పుడు ఈ సంగతి నన్ను బాధించును. తమ్మిలేరు, బుడమేరు తెచ్చిన నీరు నిండి, ఉప్పుటేరు గుండ సముద్రమునకు పోవు ఈ సరస్సు పదవ కాంటూరువరకు పరచుకొన్నప్పుడు 901 చదరపు కిలోమీటర్లు. 1970ల నడుమనుండి చేపల చెరువుల గట్లు లేచినవి. తరువాతి రెండు దశాబ్దములలో నీరు గళ్ళు గళ్ళుగా విడిపోయెను. 1999లో అయిదవ కాంటూరువరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్‌సార్ ఒప్పందపు పట్టికలో చేరినది. 2006లో అభయారణ్యములోని గట్లను యంత్రములతో తెగగొట్టిరి. ఆ గట్లతో ఎందరి బ్రతుకులు ముడిపడియుండెనో ఈ సభలోనివారికి నేను చెప్పనక్కరలేదు. ఆ వాదమును ఈ వేదికమీద తీర్పజాలను. కాని కాంటూరు గీతలు, చదరపు కిలోమీటర్లు, ఉత్తరువుల సంఖ్యలు, ఇవి యన్నియు మనకు కంఠస్థములు. ఏ యేటి పుష్యమాసమున, ఏ లంకనుండి చూచినప్పుడు నీరు ఎంతదూరము కనబడెను, దాని రంగేమి యనునది ఎవరైన చూపగలరా? రూసో చక్రవర్తి కడకు పోయినప్పుడు అతని వెనుక ఇరువదేండ్ల చిత్రములు సాక్ష్యముగా నిలిచెను.

కొల్లేటిలో చిత్రించుట సులువు కాదు. ఉదయము మంచులో కాగితము ఆరదు. మధ్యాహ్నము కుంచె ఎత్తకముందే రంగు ఆరిపోవును. ఆకుపచ్చ యన్నది ఒక్కటి కాదు: వరినారు పచ్చ వేరు, గుఱ్ఱపుడెక్క పచ్చ వేరు, కిక్కిస పచ్చలో ఎండుగడ్డి చాయ, మేత వేసిన చెరువునీటిది ముదురుపచ్చ. డబ్బాలోనుండి తీసిన పచ్చరంగు వీనిలో దేనికిని సరిపడదు. మంచు విడుచు వేళ నీటికిని మింటికిని నడుమ గీత యుండదు. గూడబాతులు ఎచ్చట ఈదుచున్నవో, ఎచ్చట ఎగురుచున్నవో పోల్చుకొనలేము.

చిత్రించువారు పాత కొల్లేటినే ఊహించి చిత్రింపవలెనని నేననను. మోనే 1877లో పారిసు రైలుస్టేషనులోని పొగను చిత్రించెను. పిస్సారో ఫ్యాక్టరీ గొట్టములను చిత్రించెను. చెరువుగట్లు, వానిమీది మోటారు షెడ్లు, నీటిని చిమ్ము యంత్రముల తెల్లని నురుగు, ఐసు నింపిన లారీలు, ఇవియు మన దృశ్యమే. ఉన్నదానిని ఉన్న గంటలో వేసినచో చాలును.

ఈ గ్రంథాలయమువారిని నేను కోరునది చిన్నది. పుస్తకముల బీరువాలో ఒక అర. అందులో ఒక అట్టపెట్టె. పాఠశాల పిల్లలైనను, పెద్దలైనను తాము అక్కడనే కూర్చుండి వేసిన కాగితమును అందులో వేయవచ్చును. బాగుగా నున్నదా లేదా యని ఎవరును అడుగరాదు. వెనుక ప్రక్కను మాత్రము, బూదేన్ వ్రాసినట్లు, తేదీ, గంట, గాలి వీచిన దిక్కు వ్రాయవలెను. వానికి తోడు కూర్చున్న చోటు పేరును, ఆనాడు నీరు ఏ గట్టువరకు ఉన్నదో ఆ గట్టు పేరును చేర్చవలెను. పెట్టె ఖర్చును, మొదటి యేటి కాగితముల ఖర్చును నేను భరింతును. ఆటపాకకు పోవు త్రోవలో గూడబాతులు చెట్లమీదనుండి నీటికి దిగునది ఉదయమున; చలికాలపు మంచు ఇంకను ముగియలేదు గనుక, పోదలచినవారు తెల్లవారకముందే బయలుదేరి, కాగితముక్రింద పెట్టుకొనుటకు ఒక పలకను, కూర్చుండుటకు ఒక గోనెసంచిని వెంట తీసికొనిపోవలెను.